కోవ్ ఊరు ఒక్క రోజులో ఎలా చూడాలి: కార్క్‌లో ట్రైన్ ఎక్కి మళ్లీ దిగేదాకా

ఐర్లాండ్‌లో కార్క్‌కి చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చినవాళ్లు, డబ్లిన్ నుంచి వీకెండ్‌కి వద్దామనుకునేవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్లు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే. కార్క్ పక్కనున్న రేవు ఊరు కోవ్‌లో ఏమేం ఉన్నాయి, ఒక్కరోజు చాలుద్దా, పిల్లలతో అవుద్దా, టైటానిక్ మ్యూజియం తప్ప ఇంకేమన్నా ఉందా. ఫోన్లో ఒక్కొక్కళ్లకి చెప్పే బదులు వరసగా రాసేస్తున్నా, ఇక నుంచి ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందే చెప్పేస్తున్నా, ఒక్కరోజు చాలు, కానీ అన్నీ చూసేద్దాం అనుకుంటే చాలదు. కోవ్‌లో రోజు పాడయ్యేది ఎక్కడంటే, పాత జైలు ఉన్న స్పైక్ ఐలాండ్ అనే ద్వీపానికి వెళ్లే పడవ దగ్గర. ఆ పడవ టైమ్ ముందు ఖాయం చేసుకుని మిగతావన్నీ దాని ముందో వెనకో సర్దుకుంటే హాయిగా అయిపోద్ది, అలా కాకుండా ఊళ్లో దిగాక చూద్దాంలే అనుకుంటే సగం రోజు రేవు దగ్గర బెంచీ మీదే పోద్ది.

పేరు సంగతి ఒక్క ముక్క. బోర్డు మీద సీ, ఓ, బీ, హెచ్ అని ఉంటుంది గానీ పలికేది కోవ్. పాత ఫోటోల్లో, టైటానిక్ కాగితాల్లో క్వీన్స్‌టౌన్ అని కనపడుద్ది, అది కూడా ఇదే ఊరు. 1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్లినందుకు ఆ పేరు పెట్టారు, స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో తీసేశారు.

ఏమేం కావాలి

- లీప్ కార్డ్, అంటే ముందే డబ్బులు వేసుకుని ట్యాప్ చేసే ప్రయాణ కార్డు. కార్క్ లోకల్ ట్రైన్లలో పనిచేస్తుంది. స్టూడెంట్లకి, 25 ఏళ్ల లోపు వాళ్లకి తగ్గింపు కార్డు వేరేగా ఉంది, అది తీసుకోకుండా మామూలు కార్డు వాడేవాళ్లు చాలామంది కనపడతారు, ఎందుకు దండగ.
- స్పైక్ ఐలాండ్ టికెట్, ఆన్‌లైన్‌లో ముందే కొన్నది.
- గాలికి ఆగే జాకెట్, టోపీ ఉన్నదైతే మేలు. గొడుగు వద్దు, రేవు గాలికి గొడుగు తిరగబడిపోద్ది, దాన్ని పట్టుకుని కుస్తీ పట్టడమే సరిపోద్ది.
- జారని బూట్లు. ఊరంతా ఏటవాలు, వాన పడితే పేవ్‌మెంట్లు నునుపుగా ఉంటాయి. పెద్దవాళ్లకి చెప్పులు అసలు వద్దు, చీర కట్టుకుని వచ్చే అమ్మలకి కూడా కింద షూస్ వేయించండి, ఫోటోలో కనపడవులే.
- నీళ్ల సీసా, కాస్త తినడానికి.
- పవర్‌బ్యాంక్.
- ఇండియన్ పాస్‌పోర్ట్ మీద యూరప్ నుంచి వచ్చేవాళ్లు వీసా ఒకసారి చూసుకోండి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెన్‌జెన్‌లో ఐర్లాండ్ లేదు. యూరో నోటు వాడుతున్నారు కదా, జర్మనీ వీసా చాల్దా అని అడుగుతారు, చాలదు, ఐర్లాండ్ వీసా వేరేగా ఉండాల్సిందే.

టికెట్ ధరలు, టైమింగ్స్ ఇక్కడ రాయట్లేదు, సీజన్‌ని బట్టి మారుతుంటాయి, వాళ్ల వాళ్ల సైట్‌లో ఆ వారం చూసుకోవడమే.

1. ముందు పడవ బుక్ చెయ్యండి, ట్రైన్ సంగతి తర్వాత

స్పైక్ ఐలాండ్‌కి ఫెర్రీ ఊరి మధ్యలో పడవలెక్కే చోటు కెనడీ పియర్ నుంచి బయల్దేరుద్ది. పడవలో కూర్చునేది పది పదిహేను నిమిషాలే గానీ, అక్కడ గైడ్ తిప్పి చూపించి, మీరు సొంతంగా తిరిగి వెనక్కొచ్చేసరికి మొత్తం మూడున్నర గంటలు పడుద్ది. చాలామంది పదిహేను నిమిషాలే కదా అని మధ్యలో ఇరికించేస్తారు, అక్కడే లెక్క తప్పుద్ది.

పొద్దున పడవ దొరికితే అదే తీసుకోండి. కారణం సింపుల్, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తే మ్యూజియంలు ఇంకా తెరిచే ఉంటాయి, చర్చి, ఫోటో స్పాట్‌లు సాయంత్రం కూడా చూడొచ్చు. మధ్యాహ్నం పడవ ఒక్కటే దొరికితే మ్యూజియం పొద్దునకి జరుపుకోండి.

చలికాలంలో పడవ రోజూ ఉండదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వచ్చేవాళ్లు ముందు తేదీ చూసుకుని తర్వాతే లీవ్ పెట్టండి. బుకింగ్ మెయిల్ వచ్చాక మూడు చూడండి: తేదీ, బయల్దేరే టైమ్, పడవ ఎక్కడ ఎక్కాలో. మెయిల్ రాకపోతే స్పామ్‌లో వెతకండి, అక్కడా లేకపోతే బుక్ కానట్టే లెక్క.

ఇంకోటి, ఆ రోజు క్రూజ్ షిప్ వస్తోందేమో పోర్ట్ ఆఫ్ కార్క్ సైట్‌లో లిస్ట్ ఉంటుంది, చూసుకోండి. ఐర్లాండ్‌లో క్రూజ్ షిప్‌ల కోసమే కట్టిన బెర్త్, అంటే ఓడ ఆగే చోటు, కోవ్‌లోనే ఉంది, సరిగ్గా రైల్వే స్టేషన్ పక్కనే. షిప్ వచ్చిన రోజు వేలమంది ఒక్కసారే దిగుతారు, మ్యూజియం దగ్గర, కాఫీ షాపుల దగ్గర క్యూలు. కానీ పిల్లలున్నవాళ్లకి నేనైతే షిప్ ఉన్న రోజే వెళ్లమంటా, ఇళ్ల కంటే ఎత్తుగా అపార్ట్‌మెంట్ లాంటి ఓడ వీధి చివర నిలబడి ఉంటే వాళ్లకి అదే పెద్ద వింత.

2. ట్రైన్ ఎక్కడం, ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసేది

కార్క్ కెంట్ స్టేషన్ నుంచి కోవ్‌కి 25 నిమిషాలు. అదే వైపు నుంచి మిడిల్టన్‌కి కూడా లోకల్ ట్రైన్ ఉంటుంది, రెండూ గ్లౌన్‌థాన్ స్టేషన్ దాకా ఒకే దారి, అక్కడ విడిపోతాయి. ప్లాట్‌ఫామ్ మీద ఏది ముందు వస్తే అది ఎక్కేసేవాళ్లు మిడిల్టన్‌లో తేలతారు.

ఎలా చూసుకోవాలంటే, ఎక్కే ముందు బోర్డు మీద చివరి స్టేషన్ కోవ్ అని ఉందా లేదా చూడండి. ఎక్కేశాక అనుమానం వస్తే గ్లౌన్‌థాన్ దాటగానే తర్వాతి స్టాప్ ఫోటా అయితే మీరు కరెక్ట్, క్యారిగ్‌ట్వోహిల్ అని వినపడితే తప్పు ట్రైన్. కంగారేం లేదు, దిగి వెనక్కి గ్లౌన్‌థాన్ వచ్చి కోవ్ ట్రైన్ పట్టుకోవచ్చు, కాకపోతే టైమ్ పోద్ది, పడవ బుక్ చేసుకున్న రోజు అదే కొంప ముంచుద్ది. అందుకే పడవ టైమ్‌కి కనీసం గంట ముందు కోవ్‌లో దిగేలా ట్రైన్ పెట్టుకోండి.

ట్రైన్ వెళ్లే వైపుకి చూస్తూ కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోండి. నీళ్లు ఎక్కువసేపు కనపడేది అటే.

లీప్ కార్డ్ ఎక్కేటప్పుడు ట్యాప్ చేసి దిగేటప్పుడు మర్చిపోతారు, అప్పుడు ఎక్కువ డబ్బులు కట్ అవుతాయి. గ్రూప్‌గా వెళ్తే ఒక్కొక్కళ్లు ట్యాప్ చేశారా లేదా ఎవరో ఒకరు చూసే డ్యూటీ తీసుకోండి.

కారులో వచ్చేవాళ్లకి: కోవ్ గ్రేట్ ఐలాండ్ అనే ద్వీపం మీద ఉంది, రోడ్డు మీద వెళ్లాలంటే బెల్వెల్లీ బ్రిడ్జి ఒక్కటే దారి. ఎయిర్‌పోర్ట్ వైపు నుంచో రింగాస్కిడ్డీ వైపు నుంచో వస్తుంటే గ్లెన్‌బ్రూక్ దగ్గర కారుతో పాటు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది, అయిదు నిమిషాల్లో క్యారిగలో ఒడ్డున దింపుద్ది, చుట్టు తిరగక్కర్లేదు, పిల్లలకి పడవ సరదా కూడా తీరుద్ది. డబ్లిన్ నుంచి అయితే హ్యూస్టన్ స్టేషన్‌లో పొద్దున్నే ఎక్కితే రెండున్నర గంటల్లో కార్క్, అక్కడ మారాలి. ఒక్కరోజులో వచ్చి పోవచ్చు గానీ పెద్దవాళ్లతో వద్దు, ఒక రాత్రి ఉండండి.

3. స్టేషన్‌లో దిగగానే పరిగెత్తకండి

పాత విక్టోరియన్ స్టేషన్ బిల్డింగ్‌లోనే కోవ్ హెరిటేజ్ సెంటర్ ఉంది. బయట ఒక అమ్మాయి, ఇద్దరు తమ్ముళ్ల కంచు విగ్రహం ఉంటుంది. అందరూ పక్కన నిలబడి సెల్ఫీ దిగుతారు, ఎవరో తెలుసుకోకుండానే వెళ్లిపోతారు. ఆ అమ్మాయి ఆనీ మూర్, వయసు 17. తమ్ముళ్లు ఆంథొనీ, ఫిలిప్. 1891 డిసెంబర్‌లో ఇక్కడే నెవాడా అనే ఓడ ఎక్కి న్యూయార్క్ వెళ్లింది, 1892 జనవరి 1న అక్కడ వలస వచ్చేవాళ్లని చూసి లోపలికి పంపే కేంద్రం ఎల్లిస్ ఐలాండ్ తెరిస్తే అందులోంచి అమెరికాలో అడుగుపెట్టిన మొట్టమొదటి మనిషి ఈ పిల్లే. అమ్మానాన్నా అప్పటికే అక్కడున్నారు, వీళ్లు వాళ్ల దగ్గరికి వెళ్తున్నారు. ఎల్లిస్ ఐలాండ్‌లో కూడా ఈమె విగ్రహం ఉంది, న్యూయార్క్‌లో చుట్టాలుంటే వాళ్లని అక్కడ ఫోటో దిగమనండి, రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు.

1848 నుంచి 1950 దాకా ఐర్లాండ్ వదిలి వెళ్లిన 60 లక్షల మందిలో దాదాపు 25 లక్షల మంది ఈ రేవు నుంచే వెళ్లారు. లోపల ఎగ్జిబిషన్ అంతా ఆ కథే. బంగాళాదుంప పంటకి తెగులు పట్టి కరువొచ్చిన రోజులు, ఖైదీల్ని ఆస్ట్రేలియాకి తోలేసిన ఓడలు, తర్వాత పెద్ద ప్రయాణికుల ఓడలు. టైటానిక్ గురించీ, మొదటి ప్రపంచ యుద్ధంలో మునిగిన ఓడ లూసిటానియా గురించీ కూడా ఇక్కడ ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత స్టెప్‌లో పనికొస్తుంది.

4. రెండు మ్యూజియంలలో ఒక్కటి ఎంచుకోండి

స్టేషన్ నుంచి ఊరి మధ్యకి అయిదారు నిమిషాల నడక. కేస్‌మెంట్ స్క్వేర్‌లో నీళ్ల అంచున ఉన్న బిల్డింగ్ ఒకప్పుడు టైటానిక్ నడిపిన కంపెనీ వైట్ స్టార్ లైన్ టికెట్ ఆఫీస్, అందులోనే ఇప్పుడు టైటానిక్ ఎక్స్‌పీరియన్స్ నడుస్తోంది. వెనక వైపు నీళ్లలో పాత చెక్క పియర్ మిగిలిన ముక్క కనపడుద్ది, ప్రయాణికులు చిన్న పడవలెక్కింది అక్కడే.

ఇక్కడ ఒక అపోహ ఉంది. టైటానిక్ కోవ్ ఒడ్డుకి రాలేదు. అంత పెద్ద ఓడ పట్టక రేవు బయట రోచెస్ పాయింట్ దగ్గర లంగరేసింది, 1912 ఏప్రిల్ 11న పొద్దున 11:30 ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం 1:30కి వెళ్లిపోయింది. ఒడ్డు నుంచి ఓడకి జనాన్ని చేరవేసే ఐర్లాండ్, అమెరికా అనే రెండు టెండర్ పడవల్లో 123 మంది ప్రయాణికుల్ని తీసుకెళ్లి ఎక్కించారు, అందులో 113 మంది థర్డ్ క్లాస్. కాబట్టి ఒడ్డున నిలబడి టైటానిక్ ఆగిన చోటు ఇదేనా అని అడగకండి, స్థానికులు ఈ ప్రశ్నకి నవ్వుకుంటారు.

లోపలికి వెళ్లేటప్పుడు మీ చేతికిచ్చే టికెట్ మీద ఆ 123 మందిలో ఒకళ్ల పేరు ఉంటుంది. చివర్లో ఆ మనిషి బతికారా లేదా చూసుకోవచ్చు. ఎనిమిది పదేళ్ల పిల్లలు దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు, తనకొచ్చిన పేరు చనిపోయినవాళ్లలో ఉంటే ఏడ్చే పిల్లలూ ఉన్నారు, ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి. ఇక్కడ దిగిపోయి బతికినవాళ్లు కూడా ఉన్నారు. జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘంలో ఫాదర్ అవ్వడానికి చదువుతున్న ఫ్రాన్సిస్ బ్రౌన్ సౌతాంప్టన్‌లో ఎక్కి ఫోటోలు తీసుకుంటూ వచ్చాడు, ఓడలో పరిచయమైన దంపతులు న్యూయార్క్ దాకా ఖర్చు మేం పెట్టుకుంటాం రమ్మన్నారు, పైవాళ్లు టెలిగ్రామ్ కొట్టి దిగిపొమ్మన్నారు. ఆయన కెమెరాలో ఉన్న ఫోటోల వల్లే టైటానిక్ లోపల ఎలా ఉండేదో మనకి ఇంత తెలిసింది.

ఏది ఎంచుకోవాలి? పిల్లలుంటే, టైటానిక్ కోసమే వచ్చి ఉంటే ఇదే. పెద్దవాళ్లతో వచ్చినా, చదవడం ఇష్టమున్నా స్టేషన్‌లోని హెరిటేజ్ సెంటర్. రెండూ ఒకే రోజు చూస్తే సగం కథ రెండుసార్లు విన్నట్టు ఉంటుంది, డబ్బులూ రెండుసార్లు. నన్ను ఒక్కటే చెప్పమంటే హెరిటేజ్ సెంటర్ అంటా, మనలాగా ఊరొదిలి వచ్చినవాళ్లకి అదే ఎక్కువ తగులుద్ది.

ఏది చూసినా, కేస్‌మెంట్ స్క్వేర్ మధ్యలో ఉన్న లూసిటానియా స్మారకం దగ్గర రెండు నిమిషాలు ఆగండి. దీనికి టికెట్ లేదు. టైటానిక్‌కి ఈ ఊరితో ఉన్న సంబంధం రెండు గంటలు, లూసిటానియాతో ఉన్నది అంతకంటే లోతైనది. 1915 మే 7న జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో కొడితే ఓడ 18 నిమిషాల్లో మునిగింది, దాదాపు 1,200 మంది పోయారు. బతికినవాళ్లనీ, శవాల్నీ ఈ ఒడ్డుకే తెచ్చారు. ఊళ్లో జనం ఇళ్లు, హోటళ్లు తెరిచిపెట్టారు.

5. స్పైక్ ఐలాండ్

పడవ టైమ్‌కి 15 నిమిషాల ముందే కెనడీ పియర్ దగ్గర ఉండండి. పైన కూర్చుంటే వ్యూ బావుంటుంది, గాలి కూడా అలాగే ఉంటుంది, చెవులు కప్పుకోండి. వికారం వచ్చేవాళ్లు భయపడక్కర్లేదు, రేవు లోపలే కాబట్టి అలలు పెద్దగా ఉండవు.

పక్కనే కనపడే ఇంకో ద్వీపం హాల్‌బౌలిన్, ఐర్లాండ్ నేవీ స్థావరం. మనవాళ్లకి ఇది ఎవరూ చూపించరు గానీ తెలిసి ఉండాల్సిన సంగతి. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి దూరంగా సముద్రం మీద పేలిపోయి 329 మంది చనిపోయినప్పుడు ఈ నేవీ ఓడ ఆష్లింగ్ వెళ్లి శవాల్ని వెతికి తీసింది. వాటిని కార్క్ హాస్పిటల్‌కి తెచ్చారు. స్మారకం వెస్ట్ కార్క్‌లో అహాకిస్టా అనే చిన్న పల్లెలో సముద్రం ఒడ్డున ఉంది, ఇక్కడి నుంచి చాలా దూరం, దానికి కారుతో వేరే రోజు పెట్టుకోవాలి.

స్పైక్‌లో దిగాక కోట దాకా ఎత్తు ఎక్కాలి. సింహాచలం మెట్లంత కాదు గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా ఎక్కాలి, నడవలేనివాళ్లు ఉంటే బుక్ చేసేటప్పుడే వాళ్లకి మెయిల్ పెట్టి అడగండి.

ఏముంది అక్కడ? ద్వీపం 104 ఎకరాలు, మధ్యలో నక్షత్రం ఆకారంలో పెద్ద కోట. 1847లో, కరువు మంచి తీవ్రంగా ఉన్నప్పుడు, దీన్ని జైలు చేశారు, ఆకలికి దొంగతనం చేసినవాళ్లు కూడా ఇక్కడికొచ్చారు, 1850ల్లో ఒక్కసారే 2,300 మందికి పైగా ఉండేవాళ్లు. ఆ జైలు 1883లో మూసేశారు. ఐర్లాండ్‌కి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ ద్వీపాన్ని బ్రిటిష్‌వాళ్లు వదల్లేదు, 1938 జులై 11న గానీ అప్పజెప్పలేదు. తర్వాత మళ్లీ జైలు, 1985లో ఖైదీలు తిరగబడి ఒక బ్లాక్ తగలబెట్టారు, అది ఇప్పటికీ కాలిన గోడలతో అలాగే ఉంది. 2004లో పూర్తిగా మూసేశారు.

గైడ్ టూర్ అయిపోగానే చాలామంది కాఫీ తాగి పడవ ఎక్కేస్తారు. అది తప్పు. గైడ్ చూపించేది ముఖ్యమైనవి మాత్రమే, పనిష్‌మెంట్ బ్లాక్ సెల్స్, కింద సొరంగాలు, పెద్ద ఫిరంగులు సొంతంగా వెళ్లి చూడాలి. కోట గోడ పైకెక్కితే అక్కడి నుంచి కోవ్ ఊరు మొత్తం, చర్చి గోపురంతో సహా ఎదురుగా కనపడుద్ది, ఊరు ఫోటో అంటే నాకు అసలైన ఫోటో ఇది. చీకటి సెల్స్‌కి చిన్నపిల్లలు భయపడితే బలవంతపెట్టకండి, గడ్డిలో పరిగెత్తడానికి చోటు బోలెడుంది.

వెనక్కొచ్చే పడవ టైమ్ దిగగానే అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

స్పైక్‌కి టికెట్ దొరకలేదా, వాతావరణం బాలేక పడవ ఆపేశారా? అప్పుడు ట్రైన్‌లో వెనక్కి మూడు స్టేషన్లు వెళ్తే ఫోటా. అక్కడ 1983లో తెరిచిన వైల్డ్‌లైఫ్ పార్క్ ఉంది, జిరాఫీలు, చీతాలు ఉంటాయి, కంగారూలు, లీమర్లు మన కాళ్ల పక్కనే తిరుగుతుంటాయి. పిల్లలకి స్పైక్ కంటే ఇదే నచ్చుద్ది, నిజం చెప్పాలంటే. కానీ రెండూ ఒకేరోజు మాత్రం పెట్టుకోకండి, ఫోటాకి కూడా మూడు నాలుగు గంటలు కావాలి.

6. తిండి

చేపలు తినేవాళ్లకి ఇబ్బందే లేదు, ఫిష్ అండ్ చిప్స్, క్రీమ్ వేసిన చేపల సూప్ చౌడర్, బ్రౌన్ బ్రెడ్. చౌడర్‌లో కారం ఉండదు, మిరియాలు అడిగి వేసుకోండి. శాకాహారులు చిప్స్ అడిగే ముందు ఏ నూనెలో వేయిస్తారో కనుక్కోండి, చేపలు వేయించిన నూనె అయినా అవ్వచ్చు, కొన్ని షాపుల్లో గొడ్డు కొవ్వు వాడతారు. సూప్ ఆఫ్ ద డే వెజిటబుల్ అని రాసి ఉన్నా చికెన్ స్టాక్ వేశారా అని ఒక మాట అడగాలి, మొహమాటపడితే మనకే నష్టం.

సులువైన పని, పులిహోరో చపాతీలో ఇంట్లోనే కట్టుకుని రావడం. రేవు ఒడ్డున జాన్ ఎఫ్ కెనడీ పార్క్‌లో బెంచీలున్నాయి, బ్యాండ్‌స్టాండ్ ఉంది, ఎదురుగా సముద్రం. డబ్బా మూత మాత్రం పూర్తిగా తెరిచి పెట్టకండి. సీగల్స్ చేతిలో ముద్ద కూడా లాక్కుపోతాయి, పిల్లలైతే అదిరిపోయి ఏడుస్తారు.

మూడు దాటాక చాలా చోట్ల వంటగది మూసేస్తారు, కేకులు, కాఫీ మాత్రమే ఇస్తారు. స్పైక్ నుంచి లేటుగా వచ్చేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోండి.

7. కొండ ఒక్కసారే ఎక్కండి

కేథడ్రల్‌ అనే పెద్ద చర్చికీ, రంగుల ఇళ్లకీ రెండింటికీ పైకే వెళ్లాలి. ఒకటి చూసి దిగొచ్చి, కాఫీ తాగి మళ్లీ ఇంకోదానికి ఎక్కేవాళ్లు ఉంటారు, కాళ్లు పీకిపోతాయి. ఒకే ఎక్కుడులో రెండూ ముగించుకోవాలి.

ముందు సెయింట్ కోల్మన్స్ కేథడ్రల్. 1868లో మొదలుపెట్టి 1919లో పూర్తి చేశారు, యాభై ఏళ్లు. ఎడ్వర్డ్ ప్యూజిన్, జార్జ్ ఆష్లిన్ డిజైన్. గోపురం 90 మీటర్ల పైన. అమెరికాలో పనిమనుషులుగా, కూలీలుగా వెళ్లినవాళ్లు పంపిన డబ్బులు కూడా ఇందులో ఉన్నాయి. గోపురంలో 49 గంటలున్నాయి, ఒక మనిషి కీబోర్డ్ లాంటి దాని మీద పిడికిళ్లతో కొట్టి వాయిస్తాడు, అన్నిటికంటే పెద్ద గంట బరువు 3 టన్నుల పైనే. వేసవి ఆదివారాల్లో మధ్యాహ్నం పూట కచేరీ ఉంటుంది, లోపల కూర్చోకండి, బయట ముందున్న మెట్ల దగ్గరో ఇంకాస్త కిందో నిలబడి వింటేనే బావుంటుంది.

లోపలికి వెళ్లడం ఉచితం. ప్రార్థన జరుగుతుంటే వెనక కూర్చోండి, ఫోటోలు వద్దు, టోపీ తీసెయ్యండి. పెళ్లో అంత్యక్రియలో జరుగుతుంటే ఆ టైమ్‌లో పర్యాటకులు లోపలికి వెళ్లకూడదు, పక్కన తిరిగి రండి.

8. ఆ ఫోటో

ఇన్‌స్టాలో అందరూ చూసి ఉంటారు, ఏటవాలులో మెట్లలా వరసగా రంగురంగుల ఇళ్లు, వెనక చర్చి. ఆ వీధి పేరు వెస్ట్ వ్యూ, ఇళ్లు 23. డెక్ ఆఫ్ కార్డ్స్ అంటారు, కింది ఇల్లు కూలితే పైవన్నీ పేక ముక్కల్లా పడిపోతాయని ఊళ్లోవాళ్ల జోక్.

చాలామంది ఆ ఇళ్ల ముందు నిలబడి తీస్తారు, అప్పుడు రెండు తలుపులు తప్ప ఏం రాదు. చెయ్యాల్సింది ఇది:

ఎదురుగా ఉన్న చిన్న వెస్ట్ వ్యూ పార్క్‌లోకి వెళ్లండి, గడ్డి ఉన్న చోటు. అక్కడి నుంచి ఇళ్ల వరస, వెనక గోపురం రెండూ ఒకే ఫ్రేమ్‌లోకి వస్తాయి. ఇంకో కోణం స్పై హిల్ అనే వీధి నుంచి, అక్కడ ఇళ్లు కింద, సముద్రం వెనక కనపడుద్ది, కానీ అడ్డంగా ఎత్తు గోడ ఉంది. గోడ ఎక్కేవాళ్లని చూస్తారు, మీరు ఎక్కకండి, అవతల లోతు. ఫోన్ చేతులెత్తి పట్టుకుని టైమర్ పెట్టి తీస్తే వచ్చేస్తుంది.

ఇళ్లు పడమటి వైపు చూస్తాయి కాబట్టి మధ్యాహ్నం దాటాక వెలుగు బాగా పడుద్ది, పొద్దున తీస్తే రంగులన్నీ చచ్చిపోయినట్టు ఉంటాయి. అందుకే దీన్ని చివరికి పెట్టాను. ఫోటో తీశాక అక్కడే జూమ్ చేసి చూడండి, గోపురం కొన తెగిందా, పక్క కారు సగం వచ్చిందా, హోరిజాన్ వంకరగా ఉందా. వీధే వాలుగా ఉంది కాబట్టి చెయ్యి తెలియకుండానే వంగుద్ది, ఫోన్‌లో గ్రిడ్ లైన్లు ఆన్ చేసి గోపురాన్ని నిలువు గీతకి సరిపెట్టండి, ఇళ్లని కాదు.

అవి జనం ఉండే ఇళ్లు. గుమ్మాల మీద కూర్చోవడం, కిటికీల్లోకి చూడడం, కారు అడ్డంగా ఆపడం చెయ్యకండి.

9. ఇంకా ఓపికుంటే ఒక్కటి

ఓల్డ్ చర్చ్ సిమెటరీ ఊరికి ఉత్తరాన రెండు కిలోమీటర్లు, అంతా ఎత్తే. లూసిటానియాలో చనిపోయినవాళ్లని సామూహికంగా పాతిపెట్టిన సమాధులు ఇక్కడున్నాయి, అందులో పేరు తెలియనివాళ్లూ ఉన్నారు. నెపోలియన్‌ని బంధించిన సెయింట్ హెలీనా ద్వీపంలో ఆయనకి డాక్టర్‌గా నియమించిన జేమ్స్ వెర్లింగ్ సమాధి కూడా ఇక్కడే. గూగుల్ మ్యాప్స్ నడక 25 నిమిషాలు అన్నా నమ్మకండి, టాక్సీ మాట్లాడుకుని వెనక్కి నడవండి, దిగుడు కాబట్టి తేలిక.

లేదంటే తూర్పున కుస్కిన్నీ వైపు టైటానిక్ మెమోరియల్ గార్డెన్, గాజు గోడ మీద ఆ 123 మంది పేర్లున్నాయి, దూరంగా ఓడ లంగరేసిన వైపు కనపడుద్ది. సాయంత్రం ఖాళీగా ఉంటుంది. రెండింట్లో ఒక్కటే పెట్టుకోండి, వాన ఉంటే రెండూ మానెయ్యండి.

రోజు దారిలో ఉందా లేదా ఎలా తెలుస్తుంది

పొద్దున పడవ తీసుకున్నవాళ్లు మధ్యాహ్నం 2:30 కల్లా ఒడ్డుకొచ్చి ఉండాలి. 3:30కి మ్యూజియం లోపల ఉండాలి, ఎందుకంటే మూసే టైమ్ వేరు, లోపలికి వదిలే చివరి టైమ్ వేరు, రెండోది దాదాపు గంట ముందే అయిపోద్ది. 5 కల్లా కొండ మీద. ఇందులో ఎక్కడైనా గంట వెనకబడితే మ్యూజియం వదిలెయ్యండి, కొండ మాత్రం వదలొద్దు.

ఎక్కువగా అడిగే చిన్న చిన్నవి

స్ట్రోలర్ తెచ్చుకోవచ్చా? ఒడ్డు వెంట పర్లేదు, కొండ మీద నరకం, చంకలో వేసుకునే క్యారియర్ తెచ్చుకోండి.

సిడ్నీ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద సహజ రేవు అంట కదా? అలాగే చెప్తారు, అదే మాట చెప్పుకునే ఊళ్లు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి. పెద్దదైతే నిజమే.

పూట మాత్రమే ఉంటే? స్పైక్ వదిలెయ్యండి. మధ్యాహ్నం ట్రైన్ దిగి ఆనీ మూర్ విగ్రహం, కేస్‌మెంట్ స్క్వేర్, ఒక మ్యూజియం, కేథడ్రల్, ఫోటో, నాలుగు గంటల్లో అయిపోద్ది.

తిరుగు ట్రైన్? లోకల్ రాత్రి దాకా ఉంటుంది గానీ ఆదివారం తక్కువ, డబ్లిన్ వెళ్లేవాళ్లు కార్క్‌లో కనెక్షన్ చూసుకోవాలి. కోవ్‌లో ఎక్కే ట్రైన్ డబ్లిన్ ట్రైన్ కంటే కనీసం అరగంట ముందు కెంట్ చేరేలా పెట్టుకోండి. కోవ్ స్టేషన్ లైన్‌కి చివరిది కాబట్టి అక్కడ తప్పు ట్రైన్ ఎక్కే భయం లేదు, ఏది వచ్చినా కార్క్ వైపే వెళ్తుంది. ట్యాప్ చెయ్యడం మర్చిపోకండి.